బారికేడుకు ఉన్న లైటు మనిషికి లేదు

హైదరాబాద్ నగర ట్రాఫిక్ పోలీసు విభాగాధిపతి గారికి,



నేను ప్రూఫ్ రీడర్ని. రాత్రి పన్నెండున్నరకు హిమాయత్‌నగర్‌లో పని ముగించుకుని నారాయణగూడ, బర్కత్‌పురా, తిలక్‌నగర్ మీదుగా అంబర్‌పేటకు సైకిలు మీద ఇల్లు చేరతాను. పదకొండేళ్లుగా ఇదే దారి. బండి కొనలేక కాదు. పూటంతా కూర్చుని అక్షరాలు ఏరిన ఒంటికి ఆ పాతిక నిమిషాల తొక్కుడే మందు.

ఈ దారిలో ఒకటి రెండు మలుపుల దగ్గర మీవాళ్ల పసుపు బారికేడ్లు ఉంటాయి. వాటి నెత్తిమీద అరచేతిలో పట్టేంత సోలార్ లైటు రాత్రంతా ఎర్రగా కొట్టుకుంటూ ఉంటుంది. పోయిన చలికాలంలో ఒక రాత్రి సైకిలు చైను తెగి, నడిపించుకుంటూ పోతున్నాను. ఊరికే నడవడం ఎందుకని బారికేడు దాటినప్పటి నుంచి అడుగులు లెక్కపెట్టాను. నాలుగు వందల అడుగుల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఆ ఎర్రచుక్క ఇంకా కనపడుతూనే ఉంది. అలా చూస్తూ ఉండగానే నా పక్క నుంచి ఒక సైకిలు సర్రున పోయింది. ఏదో అపార్ట్‌మెంట్‌లో డ్యూటీ దిగి పోతున్న సెక్యూరిటీ గార్డు. నీలం చొక్కా, నల్ల ప్యాంటు. బారికేడును చూస్తున్న ఆ కళ్లతోనే చూస్తున్నాను, అదే రోడ్డును చూస్తున్నాను, అయినా పది పన్నెండు అడుగుల దగ్గరకు వచ్చేదాకా అతను నాకు కనపడలేదు. దాటిపోయిన తర్వాత ఇరవై లెక్కపెట్టేలోగా మళ్లీ చీకట్లో కలిసిపోయాడు.

ఇనుముకు లైటు ఉంది, మనిషికి లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ఆ లైటు అవసరం ఏమిటో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మీ కానిస్టేబులు రాత్రి డ్యూటీకి రోడ్డు మీదికి దిగేటప్పుడు వెండి పట్టీల జాకెట్టు వేసుకుంటాడు, చేతిలో ఎర్రగా వెలిగే కర్ర పట్టుకుంటాడు. వీధిలైటు కింద నిలబడి కూడా ఆ కర్ర ఆర్పడు. అతను దారి చూసుకోవడానికి కాదు కదా ఆ కర్ర.

ఈ ఒక్క ముక్కే సైకిలు తొక్కేవాళ్లకు ఎక్కదు. మా వీధిలో తెల్లవారుజామున నాలుగున్నరకు పాల ప్యాకెట్లు వేసే అతన్ని ఒకరోజు ఆపి అడిగాను, సైకిలుకు లైటు పెట్టుకోవచ్చు కదా అని. నవ్వాడు.

“రోడ్డు నిండా లైట్లే ఉండె గద సార్. నాకు మంచిగనే కనిపిస్తది.”

“నీకు కనిపిస్తది అన్నా. వెనక వచ్చేవాడికి నువ్వు కనిపించాలె గదా?”

“కారు ఆడ మూలకున్నప్పుడే నాకు కనిపిస్తది. వానికి నేను కనిపియ్యనా?”

ఆ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మొదటి ఆరేళ్లు నేనూ సరిగ్గా ఇలాగే అనుకుంటూ తొక్కాను. నాకు వాడు కనపడుతున్నాడు కాబట్టి వాడికి నేనూ కనపడుతున్నాను! కారుకు ముందు రెండు దీపాలున్నాయి, అందుకని నాకు కనపడుతోంది. నాకేమున్నాయని నేను దానికి కనపడతాను?

నాకు కళ్లు తెరిపించింది మా బావమరిది కారు. ఊరి నుంచి వస్తూ తెల్లవారుజామున ఉప్పల్ దాటి రామంతాపూర్ వైపు వస్తున్నాం. అతను నడుపుతున్నాడు, నేను పక్కన. ఎదురుగా వచ్చే లారీ హైబీమ్‌లో ఉంది. అది దాటిపోగానే ఒక క్షణం రోడ్డంతా నల్లగుడ్డ కప్పినట్టయింది. ఆ నలుపులోంచి ఇడ్లీల స్టీలు డబ్బా ఒకటి, దాని ముందు వంగిన వీపు ఒకటి, మా బానెట్‌కు బారెడు దూరంలో తేలాయి. బ్రేకు కీచుమంది. డబ్బాకు తగల్లేదు, అతనికీ తగల్లేదు. అతను వెనక్కి తిరిగి కూడా చూడకుండా తొక్కుకుంటూ పోయాడు.

“ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు బావా వీడు?” అన్నాడు మా బావమరిది, స్టీరింగు మీద చేతులు వణుకుతుంటే.

ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. అతను ఆ రోడ్డు మీదే, రోడ్డుకు ఎడమవారనే, నిదానంగా, ఏ తప్పూ చేయకుండా పోతున్నాడు. మా బావమరిది కూడా తాగలేదు, ఫోను పట్టుకోలేదు, నలభై ఐదు యాభై మధ్య నడుపుతున్నాడు. ఇద్దరు మంచివాళ్ల మధ్య కూడా ఒక చావు జరిగిపోవచ్చని నాకు ఆ రోజు తెలిసింది. ఆ రోజు కారులో కూర్చుని చూసినవాణ్ని సాయంత్రం సైకిలు ఎక్కబోతే కాలు రాలేదు. వెనక నుంచి నేను ఎలా కనపడతానో మొదటిసారి నాకు కనపడింది, అంటే కనపడనని.

కాస్త లెక్క వేద్దాం, నాకు లెక్కలు రాకపోయినా. గంటకు యాభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పద్నాలుగు మీటర్లు. సైకిలు సెకనుకు నాలుగు మీటర్లు పోతుంది. అంటే కారు సైకిలును సెకనుకు పది మీటర్ల చొప్పున తరుముకొస్తోంది. డిప్పర్ లైట్లో ముదురురంగు బట్టల మనిషిని ముప్పై మీటర్ల దగ్గర గుర్తుపట్టారనుకోండి, చేతిలో ఉన్నది మూడు సెకన్లు. చూసింది ఏమిటో బుర్రకు ఎక్కి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికే ఒకటిన్నర సెకను పోతుంది. ఆ క్షణంలో అద్దం వైపో ఫోను వైపో చూశాడా, ఇక అంతే. అదే సైకిలు వెనక బారికేడు లైటులాంటిది ఒకటి ఉండి రెండు వందల మీటర్ల నుంచి కనపడితే మూడు సెకన్లు కాస్తా ఇరవై అవుతాయి. ఇరవై సెకన్లలో ఎంత చెడ్డ డ్రైవరైనా ఒక్కసారి రోడ్డు చూస్తాడు.

రోడ్డు మీద వెలుగు పెరిగేకొద్దీ మా పరిస్థితి బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగింది దానికి తలకిందులు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన ప్రతి మోటారు సైకిలుకూ ఇంజను తిరిగినంతసేపూ ముందు లైటు ఆరకుండా వెలగాలని కేంద్రం నియమం పెట్టింది. మంచి నియమం. కానీ అప్పటి నుంచి డ్రైవరు కన్ను ఒక లెక్కకు అలవాటు పడింది. లైటు ఉంటే బండి, లేకపోతే ఖాళీ రోడ్డు. ఆ ఖాళీలో మేముంటాం. దుకాణాల బోర్డులు, ఎల్‌ఈడీ హోర్డింగులు, ఎదురు బండ్ల హైబీమ్‌లు ఇన్ని కళ్లలో పడ్డాక వెలగని వస్తువు ఇంకా నల్లబడుతుంది. మెట్రో వంతెన కిందికి వెళ్తే మరీను. పిల్లరుకూ పిల్లరుకూ మధ్య వెలుగు చార, నీడ చార, వెలుగు చార, నీడ చార. అందులో సైకిలు కనపడుతూ మాయమవుతూ, పాత సినిమా రీలులా పోతుంది.

మా నాన్న తెనాలిలో సైకిలు తొక్కిన రోజుల్లో లైటు లేకపోతే పోలీసులు పట్టుకునేవాళ్లు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. సైకిలుకు మునిసిపాలిటీ బిళ్ల ఉండాలి, డబుల్స్ పోకూడదు, పొద్దుగూకితే దీపం ఉండాలి. అవుట్‌పోస్టు వంద గజాల్లో ఉందనగా మా నాన్న సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేవాడట. నడిచేవాడికి దీపం అక్కర్లేదు కదా. దాటాక మళ్లీ ఎక్కడం. అద్దె సైకిలైతే దుకాణంవాడు కిరసనాయిలు దీపం ఒకటి హ్యాండిలుకు తగిలించి ఇచ్చేవాడని, గాలికి అది ఆరిపోతే కానిస్టేబులు బుడ్డి పట్టుకుని వేడిగా ఉందో లేదో చూసేవాడని చెప్పేవాడు. వేడిగా ఉంటే ఇప్పుడే ఆరిందని వదిలేసేవాళ్లట.

తర్వాత డైనమో వచ్చింది. మీ వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. సీసాలాంటి దాన్ని టైరు పక్కకు వాల్చితే గుర్రుమని రొద చేస్తూ, కాళ్లకు బరువు తగులుతూ, ముందు గుండ్రటి దీపం పచ్చగా వెలిగేది. ఎంత తొక్కితే అంత వెలుగు. అందులో ఒకే ఒక్క లోపం. ఆగితే దీపం ఆరిపోతుంది. అంటే చౌరస్తా మధ్యలో కాలు కింద పెట్టి నిలబడ్డప్పుడు, ఏ క్షణంలో అన్నిటికంటే ఎక్కువగా కనపడాలో ఆ క్షణంలో, మనిషి చీకట్లో ఉంటాడు. అయినా అందరికీ ఎంతో కొంత వెలుగు ఉండేది. ఆ సైకిళ్ల వెనక మడ్‌గార్డుకు కింద అరచేతి వెడల్పున తెల్లరంగు, దాని మీద ఎర్ర అద్దం బిళ్ల. ఇప్పటికీ పాత నల్ల సైకిళ్లకు ఆ తెల్లపట్టీ ఉంటుంది. దాని పని ఏమిటో తొక్కేవాళ్లకు గుర్తు లేదు.

ఇప్పుడు దీపం అడిగేవాళ్లు లేరు. మోటారు వాహనాల చట్టానికి సైకిలు మోటారు వాహనమే కాదు. 2020లో కేంద్రం ఒక నాణ్యతా ఉత్తర్వు తెచ్చి సైకిలుకు పెట్టే రిఫ్లెక్టర్లు ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలంది. దీపం మాట ఎత్తలేదు. రిఫ్లెక్టరును నేను తక్కువ చేయను. పెడలుకున్న పసుపు బిళ్లలైతే మరీ మంచివి. స్వీడన్‌లో జొహాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ఒక ప్రయోగం ప్రచురించాడు. చీకట్లో మనిషి కీళ్ల దగ్గర మాత్రమే చుక్కల్లా వెలుగు కనపడేట్టు చేసి, నడిపించి చూపిస్తే, చూసినవాళ్లు ఆ పది పన్నెండు చుక్కల్ని చూసి క్షణంలో ‘మనిషి నడుస్తున్నాడు’ అన్నారు. కదలకుండా ఉంటే ఉత్త చుక్కలే. తొక్కేటప్పుడు పైకీ కిందికీ ఆడే రెండు పసుపు చుక్కలు డ్రైవరుకు చేసే పని అదే. అక్కడున్నది స్తంభం కాదు, మనిషి అని చెబుతాయి. కానీ రిఫ్లెక్టరు తనంత తాను వెలగదు. వెనకవాడి లైటు దాని మీద పడాలి. ఆ లైటు సరిగ్గా ఉండాలి. బిళ్ల మీద మూడేళ్ల దుమ్ము ఉండకూడదు. పక్క సందులోంచి అడ్డంగా వచ్చే ఆటోకు వెనక బిళ్ల కనపడనే కనపడదు. అసలు నేను చూసిన పాల సైకిళ్లలో సగానికి ఆ బిళ్ల ఉన్న చోట ఇప్పుడు రెండు స్క్రూ రంధ్రాలే ఉన్నాయి.

లైటు పెడితే నిజంగా ఫలితం ఉంటుందా అని మీరు అడగవచ్చు. డెన్మార్క్‌లో ఓడెన్సె అనే ఊరుంది. అక్కడ 2004-05లో 3,845 మంది సైకిలువాళ్లతో ఒక పరీక్ష చేశారు. కొందరి సైకిళ్లకు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండే లైట్లు పెట్టారు, మిగతావాళ్లను ఎప్పటిలాగే వదిలేశారు. ఏడాది తర్వాత చూస్తే లైటు పెట్టినవాళ్లకు గాయాలయ్యే ప్రమాదాలు 19 శాతం తక్కువ. అది ఎంత సైకిలు దేశమో, అక్కడి డ్రైవర్లు సైకిలుకు ఎంత అలవాటు పడ్డవాళ్లో చూడండి. అక్కడే అంత తేడా వస్తే, సైకిలును మనిషి కింద లెక్కేయని మన చౌరస్తాల్లో ఎంత రావాలి? ఆ లైట్లలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. వాటికి బ్యాటరీ లేదు. చక్రం పుల్లలకు అయస్కాంతాలు కడతారు, చక్రం తిరిగితే లైటు వెలుగుతుంది, టైరుకు ఏదీ రాసుకోదు. ఇది ఎందుకు నచ్చిందో కింద చెబుతాను.

నిరుడు కోఠిలో హోల్‌సేలుగా ఇరవై లైట్లు కొన్నాను. బొటనవేలంత ఎర్ర లైటు, లోపల రెండు బొత్తాం బ్యాటరీలు, కట్టుకోవడానికి రబ్బరు పట్టీ. ఒక్కొక్కటి తొంభై రూపాయలు. దారిలో రోజూ కనపడేవాళ్లకు పద్నాలుగు పంచాను. పాల అతనికి, ఇందాకటి గార్డుకు, రాత్రి ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మే భాయ్‌కి, పేపర్లు వేసే ముగ్గురు కుర్రాళ్లకు, ఒడిశా నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేసే ఇద్దరికి, ఇంకా కొందరికి. దానం చేశానని చెప్పుకోవడం లేదు. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే అది నా భయానికి చేయించుకున్న శాంతి.

మూడు నెలల తర్వాత అందరినీ ఒకసారి చూశాను. వెలుగుతూ రోడ్డుకు కనపడుతున్నవి ఐదు. రెండు ఎవరో లాక్కుపోయారు, రబ్బరు పట్టీ కదా, లాగితే వస్తుంది. నాలుగు బ్యాటరీ అయిపోయి చచ్చాయి. కొత్త బ్యాటరీలకు నలభై అవుతుందంటే, లైటు ఊరికే వచ్చిందిగా దానికి నలభై ఎందుకు పెట్టడం అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, నలభై అంటే రెండు టీలూ ఒక టిఫినూ. ఒక లైటు గార్డుగారి మనవరాలి బొమ్మల్లో చేరింది. ఒకటి ఆకాశం వైపు తిరిగి విమానాలకు దారి చూపిస్తోంది. పాల అతనిది మాత్రం చక్కగా వెలుగుతోంది, ఎవరికీ కనపడకుండా. సీటు కింద గొట్టానికి నేనే కట్టాను. దాని వెనక క్యారియరు మీద రెండు ప్లాస్టిక్ ట్రేలు ఎక్కిస్తాడని నాకు తట్టలేదు. ట్రేల మాటున మూడు నెలలు అలా వెలుగుతూనే ఉంది.

ప్రూఫులు దిద్దేవాడు తన తప్పు తాను దిద్దుకోవాలి కదా. పట్టీ విప్పి క్యారియరు చివర, కుడివైపు కడ్డీకి, జిప్‌టైతో బిగించాను. మన దగ్గర బండ్లు కుడివైపు నుంచి దాటుతాయి కాబట్టి మనిషి వెడల్పు అక్కడిదాకా ఉందని తెలియాలి. ట్రేలు అడ్డం రావు, వానకోటు తోక దాని మీద పడదు, జిప్‌టైని కత్తి లేకుండా ఊడదీయలేరు. ఈ మూడూ ఏ డబ్బా మీదా రాసి ఉండవు. పాల సైకిలుకు లైటు ఎక్కడ కట్టాలో పాల సైకిలును చూస్తే గానీ తెలియదు.

ఇక్కడ ఒక పక్కమాట. శని, ఆదివారాల తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని గుంపులుగా తొక్కే మిత్రులు కొందరు వేలు పోసి లైట్లు పెట్టుకుంటారు. సంతోషం. కానీ ఆ తెల్ల లైటును ఎదుటివాడి కళ్లకు గురిపెడతారు. జర్మనీలో సైకిలు ముందు దీపానికి కూడా కారు డిప్పర్‌లాగా పై అంచు తెగ్గోసినట్టు ఉండాలని రూలు. కొట్టుకునే లైటును అక్కడ సైకిలుకు ఒప్పుకోరు, ఇంగ్లండులో 2005 నుంచి ఒప్పుకుంటున్నారు. నన్నడిగితే రెండూ కావాలంటాను. కొట్టుకునేది కన్నును లాగుతుంది, నిలకడగా వెలిగేది దూరం చెబుతుంది. ఎరుపూ నీలం కలిపి మీ జీపు నెత్తిన ఉండేట్టు మెరిసేవి కూడా అమ్ముతున్నారు. ఒక కుర్రాడు అది పెట్టుకుని, “అందరూ సైడ్ ఇస్తుండ్రు అంకుల్” అని మురిసిపోయాడు. వాడి మీద మీకు ఫిర్యాదు చేయడం లేదు.

నగర శివారులో అవుటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. నెత్తిన సౌర ఫలకాల కప్పు. ఒకసారి పోయి తొక్కి వచ్చాను, బాగుంది. అయితే ఆ ట్రాక్ మీద ఎవరూ పాలు వేయరు, ఇడ్లీలు అమ్మరు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోరు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో సైకిలు మీద పోతున్నవాళ్లు నాలుగు వేలకు పైనే. వాళ్లు పోయింది మామూలు రోడ్ల మీద.

ఇక మీ దగ్గరకు వస్తాను. ముందుగా ఒక మాట. సైకిలువాళ్లను ఆపి చలాన్లు రాయమని ఈ ఉత్తరం రాయడం లేదు. ఇది చదివి ఎవరైనా అధికారి ‘లైటు లేని సైకిళ్లపై కొరడా’ అని డ్రైవ్ పెడితే ఆ పాపంలో నాకూ వాటా ఉంటుంది. సైకిలు లాక్కుంటే పాల అతనికి ఆ పూట కూలి పోతుంది, మర్నాడు మా నాన్నలాగే మీ నాకాబందీకి వంద గజాల ముందు దిగి నడుస్తాడు. చీకటి అలాగే ఉంటుంది.

నేను అడిగేది వేరు. వారాంతాల్లో తాగి నడిపేవాళ్లను పట్టడానికి మీవాళ్లు రాత్రి చౌరస్తాల్లో నిలబడతారు. ఆ చోట ఎలాగూ జీపు ఉంటుంది, వెలుగు ఉంటుంది, నలుగురైదుగురు సిబ్బంది ఉంటారు. ఆ జీపులో ఒక అట్టపెట్టె లైట్లు, ఒక కట్ట జిప్‌టైలు పెట్టించండి. సైకిలు వస్తే ఆపండి. గొట్టం ఊదించక్కర్లేదు. క్యారియరు కుడి కడ్డీకి లైటు బిగించి, “జాగ్రత్తన్నా” అని పంపండి. రెండు నిమిషాల పని. నేను కొన్న ధరకే కొన్నా పదివేల లైట్లకు తొమ్మిది లక్షలు. లక్నోలో ఒకమ్మాయి, తాతగారు సైకిలు మీద పోతూ కారు తగిలి చనిపోయాక, రోడ్డు పక్కన అట్టముక్క పట్టుకుని నిలబడి, వచ్చే పోయే సైకిళ్లకు ఊరికే లైట్లు బిగించడం మొదలుపెట్టింది. ఒక ఆడపిల్ల తన ఇంటి దుఃఖంతో చేసిన పని ఒక శాఖ చేయలేదా?

బ్యాటరీ సంగతి మర్చిపోకండి. నా పద్నాలుగులో నాలుగింటిని చంపింది అదే. డెన్మార్క్ వాళ్ల అయస్కాంతం లైటు నాకు అందుకే నచ్చింది. కొంచెం ఖరీదైనా సరే, తొక్కితే వెలిగేది, ఆగినా కాసేపు ఆరనిది కొనమని నా సలహా. మా నాన్న డైనమోకు ఉన్న లోపాన్ని సవరించిన దీపాలు ఇప్పుడు ఉన్నాయి. సైకిలు ఆగినా లోపల దాచుకున్న కరెంటుతో మరికొన్ని నిమిషాలు వెలుగుతాయి.

గార్డుల్ని పెట్టే ఏజెన్సీలు, పాలూ పేపర్లూ పంచే ఏజెంట్లు, హోటళ్లవాళ్లు, వీళ్లందరినీ పిలిచి మాట్లాడే అధికారం మీకుంది, నాకు లేదు. గార్డుకు టోపీ, ఈల, బెల్టు ఇస్తారు. అవి డ్యూటీలో పనికొస్తాయి. డ్యూటీ అయ్యాక ఇంటికి చేర్చే వస్తువు ఒకటి కూడా ఆ లెక్కలో రాయించండి. బడిపిల్లలకు సైకిళ్లు కొని ఇచ్చిన ప్రభుత్వాలు ఉన్నాయి. ఆంధ్రలో ‘బడికొస్తా’ పేరుతో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు ఇచ్చారు. ఎప్పుడైనా ఇక్కడ అలాంటి టెండరు పిలిస్తే, బెల్లు పక్కనే వెనక లైటు అని ఒక పంక్తి చేర్పించమని సంబంధిత శాఖకు మీరొక ఉత్తరం రాయండి. మీ లెటర్‌హెడ్ మీద రాసిన పంక్తికి నా ఉత్తరం మొత్తానికి లేని బలం ఉంటుంది.

హైబీమ్ గురించి మీకు వేరే చెప్పను, మీరే రోజూ వింటుంటారు. ఒక్క చిన్న కోరిక మాత్రం ఉంది. సైకిలు ప్రమాదం జరిగి పంచనామా రాసేటప్పుడు ఆ సైకిలుకు లైటు ఉందా, లేదా, ఉంటే వెలుగుతోందా, రిఫ్లెక్టరు ఉందా అని ఒక వరుస రాయించండి. చనిపోయినవాడి మీద తప్పు నెట్టడానికి కాదు. ఇప్పుడు ‘చీకటిగా ఉండటం వల్ల గమనించలేదు’ అని డ్రైవరు చెబితే దానితో అయిపోతోంది. చీకటి రోజూ ఉంటుంది. ఏ చౌరస్తాలో, ఏ వేళ, ఎలాంటి సైకిళ్లు చీకట్లో ఉండిపోతున్నాయో రెండేళ్లు రాసి పెడితే, నాలాంటివాడు నాలుగు వందల అడుగులు లెక్కపెట్టి ఉత్తరాలు రాయాల్సిన అవసరం ఉండదు.

పాల అతని సంగతి చెప్పి ముగిస్తాను. లైటు చోటు మార్చిన వారం తర్వాత కలిసి ఒక ఫిర్యాదు చేశాడు. “గీ లైటు పెట్టినంక కార్లోల్లు దూరంకెల్లే హారన్ కొడుతుండ్రు సార్. ముందుగాల గింత లొల్లి లేకుండె.”

లోగడ వాళ్లు హారన్ ఎందుకు కొట్టలేదో ఆలోచించమన్నాను. ట్రేలు దించుతూ దించుతూ ఆగాడు. ఆ రోజు మా ఇంటికి ఒక ప్యాకెట్టు ఎక్కువ వేసి పోయాడు, పొరపాటునో ఏమో.

నా దగ్గర ఇంకా ఆరు లైట్లున్నాయి. ఈ శనివారం రాత్రి ఒంటిగంట ప్రాంతంలో మీవాళ్లు మా అంబర్‌పేట చే నంబర్ చౌరస్తా దగ్గర ఉంటే తెచ్చి ఇస్తాను. జిప్‌టైలు నావే. చివర కత్తిరించడానికి కత్తెర మాత్రం వాళ్లను తెచ్చుకోమనండి, నాది మా ఆవిడ ఇవ్వనంటోంది.

ఇట్లు,
అంబర్‌పేటకు సైకిలు మీద పోయే ఒక ప్రూఫ్ రీడరు